పితృకార్య వ్యయము – కుటుంబ బాధ్యత

తల్లి గాని తండ్రి గాని కాలధర్మము నొందినప్పుడు ఇంటివారిపై దుఃఖముతోపాటు వ్యయభారము కూడ పడుచున్నది. దుఃఖమును బంధువులందఱు పంచుకొందురు. వ్యయమును మాత్రము ఎదుట నున్న ఒక్కరే భరించుట తఱచుగ జరుగుచున్నది. కర్మాంతరము ముగిసిన పిదప లెక్కలు బయటికి వచ్చును. అన్నదమ్ములకు మాటలు నిలిచిపోవును. వడ్డీకి తెచ్చిన సొమ్ము తీరువఱకు ఆ యింటి బిడ్డల చదువునకు కొఱత కలుగును. కావున ఇది ఇంటి విషయమే యైనను పాఠశాలకు సంబంధింపనిది కాదు. తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులను ఇచ్చట పాఠరూపమున వివరింపదలచితిమి.

మన యూరి చరిత్ర

బూదికోట హైదరాలీ జన్మస్థలమని మన పిల్లలందఱు నెఱుగుదురు. ఆయన తండ్రి ఫతే మహమ్మదు శిరా సుబేదారు క్రింద ఫౌజుదారుగా నుండి యుద్ధమున మరణించెను. అప్పటికి హైదరు పసిబాలుడు. తండ్రి బాకీపడెనను నెపమున దొడ్డబళ్లాపురపు అబ్బాసు కులీఖాను ఆ కుటుంబమును దోచుకొని, బాలురను హింసించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ తండ్రి సమాధి కోలారులో నేటికిని గలదు. తండ్రి బాకీకి బిడ్డల శరీరములే తాకట్టైన కాలమది. నేటి న్యాయము వేఱు.

ఋణము వేఱు, అంత్యక్రియల వ్యయము వేఱు

కల్యాణపురమున విజ్ఞానేశ్వరుడు సంస్కృతమున రచించిన మితాక్షర మన దేశమున దాయభాగమునకు ఆధారగ్రంథమయ్యెను. దానిని 13వ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయముగ రచించెను. ఈ ధర్మశాస్త్రము ననుసరించి, దుర్వ్యసనములకు చేసిన అప్పులు తప్ప, తండ్రి ఋణమును తీర్చుట పుత్రునకు పవిత్ర ధర్మము. 2005 సెప్టెంబరు 9వ తేదీ నుండి అమలునకు వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టము ఈ నియమమును మార్చినది. ఆ తేదీ తరువాత తండ్రి చేసిన అప్పునకు, ఈ పవిత్ర ధర్మమను కారణముననే కుమారునిపై దావా సాగదు. అయితే తండ్రి ఆస్తిని గైకొన్నవారు ఆ యాస్తి మేరకు ఋణదాతలకు బాధ్యులే.

అంత్యక్రియల వ్యయము తండ్రి చేసిన అప్పు కాదు. ఆయన మరణానంతరము ఏర్పడునది. ఇది మొదట మృతుని ఆస్తినుండియే తీర్పదగినది. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము 320వ సెక్షను ప్రకారము, ఆస్తి నిర్వాహకుడు మృతుని స్థితికి తగినంత అంత్యక్రియల వ్యయమును, తుదిజబ్బు ఖర్చులను ఇతర ఋణములన్నింటికంటె ముందు చెల్లింపవలెను. మన ఇరుగుపొరుగు ముస్లిముల ధర్మశాస్త్రమందును క్రమమిదియే: మొదట ఖననవ్యయము, పిదప ఋణములు, ఆ పిదప మూడవవంతు మించని వీలునామా దానములు, చివరకు వారసుల భాగములు. జర్మనీ దేశపు 1900 నాటి పౌరస్మృతి సయితము ఈ వ్యయమును వారసునిపైననే యుంచినది. ఆస్తి నెవరు గైకొందురో వారే పిండమిడవలెనని విష్ణుస్మృతి చెప్పిన నియమమును ఇట్టిదే.

తగినంత అను మాటను తల్లిదండ్రులు గమనింపవలెను. కట్టెలు, పాడె, వాహనము, పురోహితుని దక్షిణ, విధిగ జరుపవలసిన కర్మ – ఇవి అవసరములు. ఊరంతటికి భోజనములు, పందిళ్లు, ప్రకటన ఫలకములు ఒక్కని ఇచ్ఛవలన జరిగినచో, ఆ ఖర్చును ఇతరులపై రుద్దుట న్యాయము కాదు.

ఒక లెక్క

తల్లి ముందే గతించిన యింట తండ్రి మరణించెననుకొందము. ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె. పెద్దవాడు అవసర వ్యయములకు 48,000 రూపాయలు తనచేతి సొమ్ము పెట్టెను. తండ్రి పేర బ్యాంకులో 30,000 గలవు. మొదట ఆ 30,000 పెద్దవానికి చేరవలెను. మిగిలిన 18,000 మువ్వురికి సమానముగ పంచిన ఒక్కొక్కరికి 6,000. తమ్ముడు, చెల్లెలు చెఱి యొక 6,000 అన్నకిచ్చినచో లెక్క ముగియును. పెద్దవాడు ఎవరితోను చెప్పక చేసిన 40,000 రూపాయల విందు ఈ లెక్కలోనికి రాదు. బ్యాంకు కాగితములలో చెల్లెలు నామినీగా నున్నను ఈ లెక్క మాఱదు. నామినీ ఆ సొమ్మును వారసుల పక్షమున గైకొనునదియే గాని దానికి స్వంతదారు కాదు.

కుమార్తె భాగము గూర్చి సందేహము గలవారున్నారు. కర్ణాటకమున 1994లోను, దేశమంతటను 2005లోను ఉమ్మడి ఆస్తియందు ఆడపిల్లకు సమాన హక్కు లభించినది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచినది. హక్కు సమానమైనప్పుడు బాధ్యతయు సమానమే. కాని హక్కు విడుదల పత్రముపై ఆడపడుచుచేత సంతకము చేయించుకొని, ఖర్చులో మాత్రము మూడవవంతు అడుగుట ధర్మము కాదు.

చేయవలసిన పనులు

మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. ఆ పత్రము లేక బ్యాంకుగాని బీమాగాని సొమ్ము నీయవు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిదప మన ప్రాంతపువా రనేకులు రైలులో బెంగుళూరునకు పోయి పనిచేయుచున్నారు. వారిలో ఇ.ఎస్.ఐ. గలవారు మరణించినచో, అంత్యక్రియల నిమిత్తము 15,000 రూపాయలవఱకు కుటుంబములోని పెద్దకు చెల్లును. కుటుంబము లేనిచో ఖర్చు చేసినవారికి చెల్లును. రసీదులను భద్రపఱచవలెను. కాగితములు కన్నడమున నుండును గనుక, ఇంటిలో కన్నడము చదువనేర్చిన బిడ్డచేత చదివించుకొని సంతకము చేయుట మంచిది.

తల్లిదండ్రులు జీవించియుండగనే తమ కోరికను, సొమ్మున్న చోటును బిడ్డలందఱికి తెలుపుట మేలు. ఈ నిమిత్తము కొంత సొమ్ము విడిగా నుంచినచో ఎవరును అప్పు చేయనక్కఱలేదు.

ఇంకొక్క విషయము. 2007వ సంవత్సరపు చట్టము వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకు కుమారులను, కుమార్తెలను బాధ్యులను గావించి, నెలకు పదివేల రూపాయలవఱకు ఇప్పింప అధికారమిచ్చినది. మందులకు డబ్బులేక బాధపడిన తండ్రికి మరణానంతరము లక్ష రూపాయలతో సంతర్పణ చేయుటవలన ఆయనకు కలుగు మేలు లేదు. బ్రతికియున్న దినములలో చేయు ఖర్చు విషయమునను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఇదే లెక్కను పాటింపవలెనని మా మనవి. పిల్లలు ఇంట ఆ లెక్కను చూచియే నేర్చుకొందురు.