సెర్చ్ ఇంజన్లూ, ఒక తల్లీకొడుకుల అప్పూ

ఇంటర్నెట్‌లో ఒక మాట కోసం వెదకినప్పుడు, లక్షలాది పుటలలో ఒకటి మొట్టమొదట కనబడడానికీ, మరొకటి ఎవరి కంటా పడకుండా అడుగున ఉండిపోవడానికీ కారణమేమిటి? ఈ ప్రశ్ననే జీవనోపాధిగా మలచుకొన్నవారిలో అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన రాండ్ ఫిష్కిన్ ఒకరు.

ఆయన తల్లి జిలియన్ మ్యూసిగ్ చిన్న వ్యాపారులకు ప్రచార విషయాలలో సలహాలిచ్చే సంస్థను నడిపేవారు. ఫిష్కిన్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్టా చేతికి రాకమునుపే చదువు మాని, తల్లితో కలిసి వెబ్‌సైట్ల తయారీకి పూనుకొన్నారు. డాట్‌కామ్ వ్యాపారాలు కుప్పకూలిన రోజులవి. చేసిన అప్పు వడ్డీలతో, జరిమానాలతో పెరిగి సుమారు 5 లక్షల డాలర్లకు చేరింది. తల్లీకొడుకులు ఈ సంగతిని తండ్రికి తెలియనివ్వలేదు. సైట్లను సెర్చ్ ఇంజన్లలో పైకి తెచ్చే పనిని అంతవరకు బయటి నిపుణులకు అప్పగించేవారు. వారికి చెల్లించే స్తోమత లేకపోవడంతో ఆ విద్యను ఫిష్కిన్ స్వయంగా నేర్వవలసివచ్చింది.

1990లలో సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పుటలోని మాటలనే లెక్కించేవి. అందువల్ల కొందరు తెల్లని పుటపై తెల్లని అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు గుప్పించేవారు. చదువరికి కనబడదు; యంత్రానికి కనబడుతుంది! 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ప్రకటించిన పద్ధతి, ఒక పుటకు ఇతర పుటల నుండి వచ్చే లింకులను ఓట్లుగా పరిగణించింది. పలుకుబడి గల పుట వేసే ఓటుకు విలువ హెచ్చు. పరిశోధకులకు ఈ భావన కొత్తది కాదు. ఏ పరిశోధన పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో తెలిపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లోనే వెలువరించారు. ఆయన మొదట రసాయనశాస్త్ర పట్టభద్రుడే.

ఈ వృత్తిలోనివారు తమ కిటుకులను గుట్టుగా దాచుకొనే కాలంలో, 2004లో, ఫిష్కిన్ ఎస్‌ఇఓమోజ్ పేరిట తాను నేర్చినదంతా బహిరంగంగా వ్రాయనారంభించారు. కన్నతండ్రికి అప్పు సంగతి చెప్పలేని మనిషి వృత్తి రహస్యాలను పోటీదారులకు సైతం పంచిపెట్టడం విచిత్రమే. ఆ వ్రాతలు చదివినవారే ఖాతాదారులై వచ్చారు. ఆ ఆదాయమే కుటుంబాన్ని ఒడ్డున పడవేసింది.

2007లో 11 లక్షల డాలర్ల పెట్టుబడి లభించింది. సలహాల వ్యాపారం క్రమంగా సాఫ్ట్‌వేర్ వ్యాపారంగా మారింది. 2008లో సంస్థ వెబ్‌లోని లింకులను స్వయంగా సేకరించి పట్టిక కట్టింది. ఒక సైటు బలాన్ని 100 లోపు అంకెతో సూచించే కొలమానాన్ని కూడా తరువాత రూపొందించింది. ఇది పీహెచ్ వలె సంవర్గమాన ప్రమాణం. కనుక 20 నుండి 30కి ఎక్కడం సులభమే గాని, 70 నుండి 80కి ఎక్కడం మిక్కిలి కష్టం.

2012లో మరో 1 కోటి 80 లక్షల డాలర్లు వచ్చాయి. అక్కడినుండి సంస్థ అనేక దిక్కులకు విస్తరించబోయి తడబడింది. మానసిక కుంగుబాటుకు లోనైన ఫిష్కిన్ 2014లో అధిపతి పదవిని సారా బర్డ్‌కు అప్పగించారు. 2016లో 59 మంది ఉద్యోగాలు కోల్పోయారు. 2018లో ఆయన సంస్థను వీడారు. ఈసారి దాపరికం లేదు. కుంగుబాటుతో సహా తన పొరపాట్లన్నిటినీ అదే ఏట పుస్తకంగా ప్రకటించారు.

ఆ తరువాత ఆయన స్పార్క్‌టోరో అనే చిన్న సంస్థను నెలకొల్పారు. అది 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, అమెరికాలో గూగుల్‌లో జరిగే ప్రతి 1000 అన్వేషణలలో బయటి వెబ్‌సైట్లకు చేరే క్లిక్కులు సుమారు 360 మాత్రమే.