కాలువ లెక్క ఏటిలో తేలాలి

శ్రీకాకుళం

అమ్మలూ,

మురుగునీటి శుద్ధి మీద ప్రాజెక్టు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమయింది. ట్యాంకులు, మోటార్లు, గాలి ఊదే బ్లోయర్ల సంగతి మీ మేష్టార్లు ఎలాగూ చెబుతారు. నేను నాగావళి గురించి రాస్తాను.

ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ, తోటపల్లి దాటి, సంగాం దగ్గర సువర్ణముఖిని, వేగావతిని కలుపుకొని మన ఊరికొచ్చే నది ఇది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 351 కలుషిత నదీ భాగాల జాబితా వేస్తే, తోటపల్లి దగ్గరి నాగావళి అందులోకి ఎక్కింది. అయిదు తరగతుల్లో చివరిది, అంటే తీవ్రత తక్కువదే. అది చూసి నిశ్చింతగా కూర్చోకు.

మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని, అందులో 80 శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజినీర్ల లెక్క. లక్షమంది ఉన్న పట్నానికి రోజుకు కోటీ ఎనిమిది లక్షల లీటర్లు. వరద రోజుల్లో ఏటికి అదొక లెక్కే కాదు. ఏప్రిల్, మే నెలల్లో నీరు ఇసుక మేటల మధ్య సన్నని పాయలుగా మిగిలినప్పుడు కూడా మురుగు అంతే వస్తుంది. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టే నీరు, 30 డిగ్రీలకు ఏడున్నరే పడుతుంది. మురుగును తినే సూక్ష్మజీవులకేమో ఎండలో ఆకలి ఎక్కువ. అవి వాడుకునే ప్రాణవాయువునే బీఓడీ అని కొలుస్తాం.

స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. శుద్ధి కేంద్రం వదిలే నీటికి మాత్రం 2017 నాటి కేంద్ర నిబంధన మహానగరాల్లో 20, మనలాంటి ఊళ్లలో 30 దాకా ఒప్పుకుంది. చిన్న ఊరికి సడలింపు ఎందుకో నాకు రుచించదు. ఆ 20 అంకె మూలం 1912 నాటి బ్రిటిష్ రాయల్ కమిషన్. నదిలో కనీసం ఎనిమిది రెట్లు మంచినీరు కలుస్తుందన్న షరతు మీద వాళ్లు ఆ అంకె పెట్టారు. వేసవి నాగావళిలో ఆ ఎనిమిది రెట్ల నీరు ఎక్కడిది? శుద్ధి కేంద్రం గేటు దగ్గర రిపోర్టు బాగుందంటే ఏరు బాగుందని కాదు.

అందుకే నమూనా ఏటిలోనే తియ్యాలి, అదీ తెల్లవారకముందే. పగలు పాచి ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది. సీసాను నీటిలో ముంచి, ఒక్క బుడగ కూడా మిగలకుండా నింపి, లోపలే మూత పెట్టు. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షార అయొడైడు వేసి సీసాను తిరగేసి కలుపు. గోధుమరంగు తరకలు దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగా దిగితే ఆ నీటిలో చేప బతకదు.

ఇంకో సంగతి. ఈ ఇసుకలోని ఊటబావుల నుంచే మనం తాగునీరు తోడుకుంటాం. ఇసుకే మనకు మొదటి వడపోత. లారీలకెత్తి దాన్ని పలుచన చేస్తే ఊళ్లోని మురుగు కాలువకూ బావికీ మధ్య అడ్డు తగ్గిపోతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు పోయారు. తాగునీరు చెడితే ఏమవుతుందో అక్కడివాళ్లని అడుగు.

మే నెలలో సెలవులకు రా. కాలువ కలిసే చోటికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నింపుదాం. వచ్చిన అంకె ఎంత చెడ్డదైనా, గైడు ఏమంటారోనని సర్దకుండా, ఉన్నది ఉన్నట్టు నీ రిపోర్టులో రాయి.

మీ తాతయ్య