కల్లులో కలిపిన మత్తు – మెదడులో ఏం జరుగుతుంది?

పిల్లలూ,

సెలవులకు ఊరెళ్లి వచ్చిన ఒక విద్యార్థి తరగతిలో మమ్మల్ని ఇలా అడిగాడు: "సార్, మా తాతకు సాయంత్రం కల్లు దొరక్కపోతే చేతులెందుకు వణుకుతాయి?" హమద్ టౌన్‌లోని మన కుటుంబాల్లో నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవీ ఉన్నాయి. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. అందుకే దానికి జవాబునే ఈసారి పాఠంగా రాస్తున్నాము.

తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి గీత కార్మికులు దింపేది మొదట తియ్యగానే ఉంటుంది. కొన్ని గంటల్లో ఈస్ట్ అందులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. అదే కల్లు. అయితే చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట కొందరు కల్తీకి దిగుతారు. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలమ్ వంటివి కలుపుతారు. డయాజిపామ్, అల్ప్రాజోలమ్ నిజానికి ఆందోళన వంటి జబ్బులకు డాక్టర్లు కొలిచి ఇచ్చే మందులు. కల్లులో మాత్రం వాటికి కొలత ఉండదు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో గ్లుటమేట్ కారుకు ఆక్సిలరేటర్ వంటిది, గాబా బ్రేకు వంటిది. పైన చెప్పిన మందులూ, ఆల్కహాలూ గాబా బ్రేకును మరింత గట్టిగా నొక్కుతాయి. అందుకే భయం తగ్గుతుంది, మాట తడబడుతుంది, అడుగు తప్పుతుంది, జరిగింది గుర్తుండదు. రెండూ కలిసి మోతాదు మించితే శ్వాస కూడా ఆగిపోవచ్చు.

రోజూ బ్రేకు నొక్కుతుంటే మెదడు ఊరుకోదు. తన సొంత బ్రేకును వదులు చేసుకుని, ఆక్సిలరేటర్‌ను పెంచుకుంటుంది. అందువల్ల నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. ఒక్కసారిగా మత్తు ఆపేస్తే మిగిలేది ఆక్సిలరేటరే! చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం అందుకే.

ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరక్క హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు పోటెత్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే కోల్పోయారు.

కనుక తాత చేతుల వణుకు చెడ్డ బుద్ధి కాదు, మెదడు చేసుకున్న సర్దుబాటు. తిట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా అది పోదు. పట్టుదలతో ఒక్కరోజులో మానేయడం ప్రమాదం కూడా. డాక్టరు పర్యవేక్షణలో, మందుల సాయంతో మాన్పించాలి. అప్పుడు మెదడు మెల్లమెల్లగా మళ్లీ సర్దుకుంటుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఊరి నుంచి వచ్చేటప్పుడు "మావాడికి ఈ మాత్రలు ఇవ్వండి" అని ఎవరైనా పొట్లం ఇస్తే తీసుకోకండి. డయాజిపామ్, అల్ప్రాజోలమ్ అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్న మందులు. బహ్రెయిన్‌లో మత్తుపదార్థాలపై 2007 నాటి 15వ నంబరు చట్టం చాలా కఠినమైనది. మీ సొంత మందులైనా డాక్టరు చీటీతోనే తెచ్చుకోండి, నిబంధనలు ముందే కనుక్కోండి.

పిల్లలూ, ఈ ప్రశ్నలకు జవాబులు రాసి తీసుకురండి:

1. నిన్నటి మోతాదు ఇవాళ ఎందుకు చాలదు?
2. మత్తును ఒక్కసారిగా ఆపేయడం ఎందుకు ప్రమాదం?
3. తాతతో ఫోనులో మాట్లాడినప్పుడు కోప్పడకుండా ఈ సంగతి ఎలా చెబుతారు?

మూడో ప్రశ్నకు మార్కులు లేవు. కానీ మాకు అన్నిటికంటే ముఖ్యమైన జవాబు అదే.