నక్షత్రముల గుంపునకు వయస్సు కట్టుట ఎట్లు?

కార్తిక మాసమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తూర్పు దిక్కున కృత్తికలు పొడుచుట గ్రామవాసుల కెల్లరకు తెలిసినదే. కంటికి ఆరేడు చుక్కలుగా కనబడు ఈ గుంపులో వేయికి పైగా నక్షత్రములు గలవు. ఇవి యన్నియు ఒకే వాయుమేఘము నుండి ఇంచుమించు ఒకే కాలమున పుట్టినవి. వీని వయస్సు సుమారు 10 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. జనన రిజిస్టరు లేకయే ఈ లెక్క ఎట్లు కట్టిరో తెలిసికొందము.

రంగు చెప్పు సాక్ష్యము

నక్షత్రములు తమలోని ఉదజనిని హీలియముగా మార్చుకొనుచు వెలుగుచుండును. బరువైన నక్షత్రమునకు ఇంధనపు నిలువ ఎక్కువే. కాని ఖర్చు అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. సూర్యుని వంటి నక్షత్రము సుమారు 1000 కోట్ల ఏండ్లు వెలుగగా, దానికి 10 రెట్లు బరువైనది 2, 3 కోట్ల ఏండ్లలోనే ముగిసిపోవును. బరువైనవి అధికమైన వేడిమిచే నీలముగను, తేలికయైనవి ఎఱ్ఱగను ఉండును. కావున నీలి నక్షత్రములు నిలిచియున్న గుంపు పిన్నవయస్సుది. అవి గతించి ఎఱ్ఱనివి మిగిలినది ముసలిది.

ఒక్క సాక్ష్యము చాలదు

మన పాలవెల్లి వంటి మహా నక్షత్ర సముదాయమునే గెలాక్సీ అందురు. దూరపు గెలాక్సీలలో నక్షత్రములు విడివిడిగా కనబడవు. రాత్రివేళ దూరమునుండి చూచువానికి ఊరి దీపములన్నియు ఒక్క వెలుగుగా తోచునట్లు, గుంపంతయు ఒక్క బిందువుగా తోచును. ఆ మొత్తపు రంగును బట్టియే వయస్సు ఊహింపవలెను. ఇందొక చిక్కు గలదు. అడ్డముగా ధూళి యున్నచో, సాయంకాలపు సూర్యుని వలె, పిన్నది కూడ ఎఱ్ఱగా కనబడును. ఇనుము మొదలగు మూలకములు హెచ్చుగా నున్నను అంతే.

కావున శాస్త్రజ్ఞులు రెండవ సాక్ష్యమును విచారింతురు. వెలుగును వర్ణపటముగా విడదీసి, అందలి గీతలను పరీక్షింతురు. క్రొత్తగా పుట్టిన వేడి నక్షత్రములు చుట్టునున్న వాయువును వెలిగించును గనుక, ప్రాణవాయువు ప్రకాశపు గీతలు కనబడును. ఉదజని గీతలు మిక్కిలి గాఢముగా నున్నచో వయస్సు కొన్ని పదుల కోట్ల ఏండ్లు కావచ్చును.

ఒక ఉదాహరణము

2022లో వెబ్ దూరదర్శినితో ఒక గెలాక్సీని పరీక్షించిరి. చుట్టును మెరయు బిందువులుండుటచే కాకరపువ్వొత్తిని పోలినదని దానికి 'స్పార్క్లర్' అని పేరిడిరి. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 900 కోట్ల ఏండ్లు పట్టినది. దారిలోనున్న మరికొన్ని గెలాక్సీల గుంపు గురుత్వము భూతద్దము వలె పనిచేయుటచే ఆ బిందువులు విడిగా కనబడినవి. వానిలో కొన్ని ఎఱ్ఱగా నుండెను. ప్రాణవాయువు గీతలును లేవు. రెండు సాక్ష్యములును ఏకమైనందున అవి ముసలి గుంపులని తేల్చి, ఆ వెలుగు బయలుదేరు నాటికే వాని వయస్సు సుమారు 400 కోట్ల ఏండ్లని లెక్కించిరి. తరువాతి గణనలలో కొన్నిటికి అంతకంటె తక్కువ వయస్సు తేలినది.

లెక్కను సవరించుకొనుట శాస్త్రమునకు చిన్నతనము కాదు. తగవు విన్న పంచాయతీ సభ్యుడు ఒక్కని మాటపై తీర్పు చెప్పడు గదా! ఈ కార్తికమున బడిపిల్లలను ఆరుబయటకు పిలిచి కృత్తికలను చూపుడు. వాని నీలికాంతియే వాని వయస్సునకు మొదటి సాక్ష్యమని తెలుపుడు.