లీవ్ లెటర్‌లో ఎవరూ తప్పు రాయరు

మన బళ్లల్లో చదువుకున్న ఎవర్నైనా అర్ధరాత్రి లేపి జ్వరానికి లీవ్ లెటర్ రాయమనండి. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని కళ్లు నులుముకుంటూనే రాసేస్తారు. ఇందులో ఒక వింత ఉంది. తెలుగులో మనం జ్వరంతో బాధపడతాం. 'తో' అంటే 'విత్' కదా, మరి 'సఫరింగ్ విత్' అని ఎందుకు రాయలేదు? ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి మార్చలేదు కాబట్టి. మొత్తం వాక్యాన్ని ఒకే ముద్దగా బట్టీ పట్టేశాం.

అలా లీవ్ లెటర్ రాసిన కుర్రాడే పెద్దయి ఆఫీసులో చేరాక 'డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్' అంటాడు. గురించి చర్చించడం మన అలవాటు. ఇంగ్లిష్‌లో డిస్కస్‌కి అబౌట్ అక్కర్లేదు. 'బాస్‌కి నా మీద కోపం' అనుకుని 'యాంగ్రీ ఆన్ మి' అంటాడు. అక్కడ విత్ రావాలి. పెళ్లి మనకు ఒకరితో జరుగుతుంది, ఇంగ్లిష్‌లో మాత్రం 'మ్యారీడ్ టు'. ఇవి తెలివితక్కువ తప్పులు కావు. చిన్నప్పుడు డుమువులు అంటూ వల్లించిన విభక్తులే వేషం మార్చుకుని వస్తున్నాయి.

మన ప్రత్యయం నామవాచకం వెనక, వాళ్ల ప్రిపోజిషన్ ముందు. ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది. చిక్కల్లా, మన ఒక్క మాట చేసే పనిని అక్కడ ఇద్దరు ముగ్గురు పంచుకోవడం దగ్గర. 'నుంచి' సంగతే చూడండి. మూడేళ్ల నుంచి, 2021 నుంచి... మనకు రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. ఇంటర్వ్యూలో 'సిన్స్ త్రీ ఇయర్స్' అంటే అర్థం కాకపోదు గానీ, అన్నంలో రాయిలా తగులుతుంది.

అర్థమే తిరగబడే చోటూ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సోమవారానికల్లా రిపోర్టు పంపుతానని చెప్పబోయి 'అంటిల్ మండే' అని మెయిల్ కొట్టాను. 'సోమవారం దాకా పంపుతూనే ఉంటారా?' అని జవాబొచ్చింది. ఇక్కడ తెలుగు నన్ను మోసం చేయలేదు సుమండీ. 'కల్లా'కి బై, 'దాకా'కి అంటిల్. తెలుగులో ఆలోచించి ఉంటే బతికిపోయేవాణ్ని.

అందుకే నేను నియమాల పుస్తకాలు పక్కన పెట్టి లీవ్ లెటర్ పద్ధతికే వచ్చాను. డిపెండ్ అని ఒంటరిగా రాసుకోను, 'డిపెండ్ ఆన్' అని జంటగా రాసుకుంటాను. దాని పక్కనే మా ఇంటి సంగతితో ఒక వాక్యం, పైకి నాలుగుసార్లు చదవడం, అంతే. పొద్దున్నకి ఇన్, రాత్రికి యాట్ ఎందుకని కారణం వెతికితే తలనొప్పి మిగులుతుంది. కారులో ఇన్, బస్సులో ఆన్ కూడా అంతే.

వీకెండ్‌కి ముందు బ్రిటిష్ వాళ్లు యాట్ పెడతారు, అమెరికన్లు ఆన్ పెడతారు. వాళ్లలో వాళ్లకే పొత్తు కుదరని మాట కోసం మీటింగ్‌లో నోరు కుట్టేసుకోకండి. మాట్లాడేయండి. దిద్దుకోవడానికి రాత ఉండనే ఉంది. ఇవాళ పంపబోయే మెయిల్ ఒకసారి చూసుకోండి, డిస్కస్ పక్కన అబౌట్ కనిపిస్తే కొట్టేయండి.