ఖరగ్‌పూర్‌లో ఇల్లెక్కడ తీసుకోవాలి?

ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చే మొదటి సలహా "కలకత్తాలో కాపురం పెట్టండి, పిల్లల చదువులకి బాగుంటుంది" అని. పటం చూసి చెప్పిన సలహా కాదది. హౌరా నుంచి ఖరగ్‌పూర్ 115 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌కి రెండు గంటలు, లోకల్ ఎక్కితే మూడు గంటలకి దగ్గర. ఇంటి నుంచి హౌరా చేరడానికి, ఇక్కడ బండి దిగి పార్కు గేటు దాకా వెళ్లడానికి పట్టే టైము దీనికి అదనం. పటాన్‌చెరులో డ్యూటీ, కూకట్‌పల్లిలో ఇల్లు అన్న మన అలవాటు ఇంత దూరానికి సాగదు. టాటా హిటాచీలో తవ్వకం యంత్రాలు బిగించే పనైనా, బిర్లా ఓపస్‌లో రంగుల పనైనా, షిఫ్టులుండే ఉద్యోగమైతే అసలే సాగదు. ఉద్యోగం చేసే ఆయన ఆదివారం నాడు మాత్రమే కనిపించే నాన్న అయిపోతాడు. కాబట్టి కలకత్తాని సెలవులకి, పెద్ద డాక్టర్లకి, విమానానికి ఉంచుకుని ఇల్లు ఖరగ్‌పూర్‌లోనే చూసుకోండి. మరీ అయితే కాసాయి నది అవతల మేదినీపూర్‌లో.

ఊళ్లో ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. చాలామంది పార్కు గేటుని నడిమధ్యన పెట్టుకుని దాని చుట్టూ ఇళ్లు వెతుకుతారు. మీ పెద్ద పిల్లకి పదేళ్లు వచ్చేసరికి తనంతట తను ఎక్కడెక్కడికి వెళ్లగలదో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టమంటాను నేను. బడి, ఆడుకునే చోటు, పెన్సిలు కొనుక్కునే కొట్టు, ఒక స్నేహితురాలి ఇల్లు, ఈ నాలుగూ పెద్ద రోడ్డు దాటకుండా అందుతున్నాయా? పెద్దవాళ్లు బైకు మీదో కంపెనీ బస్సులోనో అరగంట ప్రయాణం భరిస్తారు. ఎండాకాలంలో రోజూ రెండుసార్లు బండిలో అరగంట చొప్పున కూర్చున్న రెండో తరగతి పిల్లాడు ఇంటికొచ్చి అన్నం తినడు. పైగా, వాణ్ని దింపి తెచ్చే పని రోజూ ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు. ఇల్లు ఖాయం చేసేటప్పుడు ఆఖరి మాట ఆ పని మీద పడే ఆవిడ చేత చెప్పించండి.

రైలు పట్టాలు ఈ ఊరిని నాలుగు దిక్కులకీ కోస్తాయి. హౌరా వైపు, టాటానగర్ వైపు, బాలాసోర్ వైపు, మేదినీపూర్ మీదుగా ఆద్రా వైపు లైన్లు పోతాయి. కొత్తవాళ్లకి ఇది పెద్ద విషయంలా అనిపించదు. కానీ బడి పట్టాలకి ఒకవైపు, ఇల్లు రెండోవైపు అయితే రెండు కిలోమీటర్ల దారికే పట్టే టైము రోజుకో రకంగా మారుతుంది. ఇల్లు చూసేది ఆదివారం మధ్యాహ్నం, బతికేది సోమవారం పొద్దున. అందుకని బడికి వెళ్లే రోజున, బడి టైముకి, ఆ దారిలో టోటో ఎక్కి ఒకసారి వెళ్లిరండి. బ్యాటరీ ఆటోని ఇక్కడ టోటో అంటారు. పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యాను పూల్ కారు. పూల్ కారు డ్రైవరుతో ఐదు నిమిషాలు మాట్లాడితే ఏ సందులో నీళ్లు నిలుస్తాయో, ఏ గేటు దగ్గర ఎంతసేపు ఆగాలో బ్రోకరు చెప్పని సంగతులన్నీ బయటపడతాయి.

పేటల సంగతికొస్తే, ప్రేమ్‌బజార్, తాల్‌బాగిచా, హిజ్లీ వైపు ఐఐటీకి దగ్గర. 1951లో పాత హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది ఇక్కడే. ఆ భవనంలో ఇప్పుడు నెహ్రూ సైన్సు మ్యూజియం ఉంది, పిల్లలకి తప్పక చూపించండి. అయితే ఐఐటీ ప్రహరీ పక్కన ఇల్లు తీసుకుంటే పిల్లవాడు ఆ గోడ దూకి సీటులో కూర్చుంటాడన్న ఆశ కొందరు తండ్రుల్లో చూశాను. ఆ ఆశకి అద్దె ఎక్కువ కట్టకండి. కొట్లు, బడులు, నడవడానికి దారులు ఉండటం వల్ల ఆ వైపు బాగుంటుంది, అది చాలు. ఇందా అనేది కాలేజీ, బజారు ఉన్న పాత పేట. అన్నీ దగ్గరే, రద్దీ కూడా అంతే. మాలంచాలో కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి. మేదినీపూర్‌లో మెడికల్ కాలేజీ, యూనివర్సిటీ, బెంగాలీ చదువుల వాతావరణం ఉన్నాయి. కానీ నది మీద వంతెన దాటి రోజూ రావాలి. కలాయికుండ వైపు చూస్తే మాత్రం అక్కడ వైమానిక దళం స్థావరం ఉందని గుర్తుంచుకోండి. ఉయ్యాల్లో బిడ్డ ఉన్న ఇల్లయితే జెట్ విమానాల మోత ఒక పూటంతా విని అప్పుడు తేల్చుకోండి.

నీంపురా, మథురాకాటీ రైల్వే కాలనీల్లో తెలుగు వినపడుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు వీళ్లు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఎక్కువగా వినపడిన ఊరి పేరు ఇదే. అమ్మమ్మ వచ్చి నాలుగు నెలలుంటే ఆవిడకి మాట్లాడే మనిషి దొరకడం చిన్న సుఖం కాదు. కరివేపాకు అడిగితే వింతగా చూడరు, అమ్మవారి మాతా పూజ వస్తే వీధంతా మనవాళ్లే. కానీ ఒక మాట. అక్కడ ఎవరైనా "మా రైల్వే క్వార్టరు అద్దెకి ఇస్తాం, పక్కా ఇల్లు, పెద్ద పెరడు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. క్వార్టరుని బయటివాళ్లకి అద్దెకివ్వడం రైల్వే నిబంధనలకి విరుద్ధం. తనిఖీ వచ్చిన రోజు మీ మంచాలు రోడ్డున పడతాయి, మీ పిల్ల పరీక్షలు వాళ్లకి పట్టవు. ఊళ్లో చాలా భూమి రైల్వేదే కాబట్టి బయట కట్టిన ఇళ్ల విషయంలోనూ స్థలం ఎవరిదో ముందు అడగండి. మొహమాటపడకండి. ఇక్కడ అది మామూలు ప్రశ్నే.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గదుల కొలతలు ఎలాగూ చూస్తారు. నేను చెప్పేవి రెండు చిన్న పరీక్షలు. ఒకటి, కుళాయి కింద పారదర్శకమైన సీసా పట్టి, మూత బిగించి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దునకి అడుగున తుప్పురంగు పొర పేరితే బోరు నీళ్లలో ఇనుము ఉన్నట్టు. తెల్ల యూనిఫారాలు ఆర్నెల్లలో గోధుమరంగుకి తిరుగుతాయి, ఫిల్టరు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. మునిసిపాలిటీ నీళ్లు ఏ టైముకి, ఎంతసేపు వస్తాయో పక్కింటి ఆవిణ్ని అడగండి. ఇంటాయన్ని అడిగితే ఆయన లెక్కలో నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి.

రెండోది, కిటికీ ఊచల మీద వేలు రాయండి. ఎర్రగా అంటితే అది ఈ నేల దుమ్ము. ఇక్కడంతా ఎర్రమట్టి, తుడుచుకుంటే పోతుంది. నల్లగా, జిడ్డుగా అంటితే ఇనుము కరిగించే కర్మాగారాల వైపు నుంచి గాలి వస్తోందన్నమాట. ఈ ఊరి చుట్టూ పోత ఇనుము, పైపులు, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. జీతాలిచ్చేవీ అవే, పొగ వదిలేవీ అవే. చలికాలంలో గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, ఎండాకాలంలో దక్షిణం నుంచి. అందుకని మే నెలలో హాయిగా అనిపించిన ఇల్లు డిసెంబరులో దగ్గు తెప్పించవచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డ ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ఈ ఒక్క సంగతి మీదే ఇల్లు ఖాయం చేయండి. అద్దె కొంచెం ఎక్కువైనా సరే.

బడి గురించి మనవాళ్లకి కేంద్రీయ విద్యాలయం మీద గురి. ఊళ్లో ఉన్నాయి, మంచివే. కానీ ప్రవేశాల్లో మొదటి వరస కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలది. రైల్వే, ఐఐటీ, వైమానిక దళం ఉన్న ఊళ్లో ఆ వరస ఎంత పొడుగుంటుందో ఊహించుకోండి. ప్రైవేటు కంపెనీ ఉద్యోగి పిల్లలు ఆఖరి వర్గంలోకి వస్తారు. దరఖాస్తు పెట్టండి, దాన్నే నమ్ముకుని ఇల్లు తీసుకోకండి. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలన్నది కూడా మరచిపోకండి. ప్రైవేటు బడుల్లో ఫీజుకన్నా ముందు అడగాల్సింది రెండో భాష ఏమిటి, ఏ తరగతి నుంచి అని. మూడేళ్లలో బదిలీ అయ్యే ఉద్యోగమైతే బడిలో హిందీ తీసుకోవడం నయం. బెంగాలీ అంటారా, దాన్ని పిల్లలు వీధిలోనే పట్టేస్తారు, మీకన్నా ముందు.

వీధి అంటే ఇక్కడ పాడా. ప్రతి పాడాకీ ఒక క్లబ్బు, క్లబ్బులో ఒక క్యారంబోర్డు, సాయంత్రం నలుగురు కుర్రాళ్లు. మనవాళ్లు దాన్ని చూసి రౌడీ మూక అనుకుని భయపడతారు. దుర్గాపూజ చేసేది, రాత్రి పదింటికి ఎవరికైనా గుండెనొప్పి వస్తే బండి తెచ్చేది, తప్పిపోయిన పిల్లాణ్ని వెతికేది ఆ కుర్రాళ్లే. మొదటి పూజకి చందా అడగటానికి వస్తే బేరం ఆడకండి, ఓపికున్నంత ఇచ్చి పేర్లు తెలుసుకోండి. అసలు ఇల్లు తీసుకోకముందే ఒక సాయంత్రం ఐదింటికి ఆ వీధిలో నిలబడి చూడండి. ఆడపిల్లలు సైకిళ్లు తొక్కుతూ, అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుని కనిపిస్తే ఇంట్లో ఒక గది తక్కువైనా పరవాలేదు. పెద్ద గేటు, కెమెరాలు ఉండి పిల్లలెవరూ కనిపించని చోట అన్నీ ఉన్నా నేనైతే తీసుకోను.

కొనుక్కుందామన్న తొందర మొదటి ఏడాది వద్దు. ఊరి చివర స్థలాలు చవగ్గా చూపిస్తారు. బెంగాల్లో భూమి కాగితాల తీరు మనకి కొత్త. పర్చాలో (భూమి హక్కుల కాగితం) ఆ స్థలం దాగ్ నంబరు ఎదురుగా 'శాలి' అని ఉంటే అది వరిపొలం. దాన్ని 'బాస్తు'గా, అంటే ఇంటి స్థలంగా, మార్పించకుండా ఇల్లు కట్టడం కుదరదు. రాష్ట్ర ప్రభుత్వ భూరికార్డుల బాంగ్లార్‌భూమి వెబ్‌సైటులో ఇది ఎవరైనా చూసుకోవచ్చు. చూసినా సరే, మేదినీపూర్ కోర్టులో ఒక వకీలుకి చూపించకుండా బయానా ఇవ్వకండి.

ఇక ఎప్పుడు మారాలన్నది. రాష్ట్ర బోర్డు బడులకి చదువు సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, సీబీఎస్ఈ బడులకి ఏప్రిల్‌లో. మీకు ఆగస్టులో చేరమని ఉత్తరం వస్తే పిల్లల్ని మధ్యలో లాక్కురాకండి. ఉద్యోగంలో చేరే ఆయన ముందు వచ్చి ఏదైనా మెస్సులో ఉంటూ, షిఫ్టు లేని పూటల్లో ఒక్కో పాడా తిరిగి చూసుకుంటాడు. ఆవిడ పూజ సెలవులకి పిల్లలతో కోరమండల్ రైలు ఎక్కుతుంది. ఆయన మెచ్చిన రెండు మూడు ఇళ్లు ఆ వారంలో చూసి, అడ్వాన్సు అప్పుడే ఇవ్వండి. అద్దె కాగితం ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు. అది బడి నడిమధ్యలో తీరిపోకుండా ఏప్రిల్ నుంచి రాయించుకోండి.