అండమాన్ విమాన ప్రయాణం: పెట్టె సర్దేముందు ఆరోగ్యం సర్దుకోండి



“సిస్టర్, అండమాన్ వెళ్తున్నాము, నేను విమానం ఎక్కవచ్చునా?” అని ఉప్పల్, నాచారం నుండి వచ్చే పేషెంట్లు కొందరు అడుగుతుంటారు. కొందరిది విహారయాత్ర. మరికొందరికి అక్కడ బంధువులున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి.

కొన్నేళ్ల క్రితం నాచారంలో ఉండే మా అక్క, బావగారు కూతురిని చూడటానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు.) బావగారికి చాలాకాలంగా షుగరు. ఇన్సులిన్, మందుల చీటీ పెద్ద పెట్టెలో పెట్టి లగేజీలో వేశారు. ఆ పెట్టె మరునాటికి గాని రాలేదు. రాత్రికి షుగరు 400 దాటింది. నాకు ఫోను చేస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమన్నాను. దేవుని దయవలన కోలుకున్నారు. ముందురోజు వాళ్లింటికి వెళ్లి పచ్చడి సీసాలు సర్దింది నేనే. మందులు ఎక్కడ పెట్టారని మాత్రం అడగలేదు. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ పాఠం.

1. మందులు చేతిసంచిలోనే. లగేజీ గదిలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. ఐసు ముక్కలకు కూడా తగలనివ్వకండి. డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. సముద్రం బాగుండకపోతే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి, కనుక ఒక వారానికి సరిపడా మందులు ఎక్కువ తీసుకువెళ్లండి.

2. ఎవరు ముందుగా డాక్టరును అడగాలి? ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల కొండమీద ఉన్నట్లుంటుంది. అంటే దాదాపు ఊటీ ఎత్తు. ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు. గుండెజబ్బు, ఆయాసం, రక్తహీనత ఉన్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు తప్పక అడగాలి. గర్భిణులను నెలలు నిండాక విమానం ఎక్కనివ్వరు. 28 వారాలు దాటితే డాక్టరు సర్టిఫికెట్ అడగవచ్చు. టికెట్టు కొనేముందే తెలుసుకోండి.

3. ప్రయాణం రోజు. శంషాబాద్ దూరమని తెల్లవారుజామునే బయలుదేరి, కొందరు టిఫిను మానేసి షుగరు మాత్ర మాత్రం వేసుకుంటారు. ఇది ప్రమాదం. ఇడ్లీ గాని, బ్రెడ్డు గాని కట్టుకుని వెళ్లండి. నీళ్లు తాగుతూ, గంటకోసారి లేచి నడవండి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది.

4. దీవికి చేరాక. పడవలో వాంతులయ్యేవారు ఎక్కడానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకోవాలి. దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు వాడండి. వాననీరు నిలిచిన చోట చెప్పులు లేకుండా నడవకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అండమాన్‌లో ఇది ఉన్నదే. పిల్లలు సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తే, తరువాత కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజంతా ఆగి విమానం ఎక్కాలి. లేకపోతే రక్తంలో గాలి బుడగలు ఏర్పడి ప్రాణం మీదకు రావచ్చు.

5. ఇంటికి వచ్చాక. మలేరియా దోమ కుట్టిన వారం, రెండు వారాలకు బయటపడవచ్చు. ఒక రకమైతే నెలల తరువాత కూడా వస్తుంది. జ్వరం వస్తే మందుల షాపు మాత్రతో సరిపెట్టుకోక, “అండమాన్ వెళ్లివచ్చాము” అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఆలస్యం కాదు.

మన ఉప్పల్‌లో అర్ధరాత్రి అయినా ఆటో దొరుకుతుంది, ఆసుపత్రి దగ్గర. చిన్న దీవిలో పెద్ద వైద్యం కావాలంటే పడవ రావాలి, లేదా విమానం రావాలి. అందుకని మీవాళ్లెవరైనా ప్రయాణమైతే, ముందురోజు పచ్చళ్లతోపాటు ఈ ప్రశ్న కూడా వేయండి: “మందులు చేతిసంచిలో పెట్టుకున్నారా?”